బిల్ బుక్కు మీద ఎవరి మెయిల్ ఐడీ వేయాలి?

బిల్ బుక్కు అచ్చు వేయించడానికి వచ్చినవాళ్లు షాపు పేరు, జీఎస్టీ నంబరు, ఫోన్ నంబర్లు గడగడా చెప్పేస్తారు. మెయిల్ ఐడీ అడగ్గానే ఆగిపోతారు. "ఉందండీ, మా బాబు చేశాడు, వాడికి ఫోన్ చేసి చెప్తా" అంటారు కొందరు. "మా ఆడిటర్ గారిది వేసేయండి" అంటారు ఇంకొందరు. పాత బిల్ బుక్కు తీసి "ఇందులో ఏదుంటే అదే కొట్టండి" అనేవాళ్లూ ఉన్నారు. ఆ ఐడీని ఎవరైనా తెరిచి చూస్తున్నారో లేదో వాళ్లకే తెలీదు.

విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న ప్రింటింగ్ ప్రెస్సు నాది. విజిటింగ్ కార్డులు, లెటర్ హెడ్డులు, లేబుళ్లు, పాంప్లెట్లు. ఊళ్లో వ్యాపారాల మెయిల్ ఐడీలు నా కళ్లముందు నుంచి పోయినన్ని ఇంకెవరి ముందు నుంచీ పోయి ఉండవు. లారీ ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి అభిమాన హీరో పేరు, దాని వెనకాల పుట్టిన సంవత్సరం. క్యాటరింగ్ చేసే పెద్దాయనకి కాలేజీ రోజుల్లో స్నేహితులు పెట్టిన ముద్దుపేరు. ఇవి చూసి నవ్వుకుంటాం గానీ వీటివల్ల ఎవరికీ నష్టం లేదు. నన్ను ఇబ్బంది పెట్టేది ఆడిటర్ గారి ఐడీ, నెట్ సెంటర్ ఐడీ, మానేసి వెళ్లిపోయిన అకౌంటెంట్ కుర్రాడి ఐడీ.

"ఈ కాలంలో మెయిల్ ఎవడు చూస్తాడండీ, అంతా వాట్సాపే కదా" అని నాతో చాలామంది వాదిస్తారు. సగం ఒప్పుకుంటాను. కబుర్లకి, బేరాలకి, "సరుకు బయల్దేరిందా" లాంటి ప్రశ్నలకి వాట్సాప్‌ని మించింది లేదు. చదవడం రాయడం అంతగా రాని కస్టమరు కూడా వాయిస్ మెసేజ్ పెట్టి ఆర్డరు ఇవ్వగలడు. అలాంటాయన్ని మెయిల్ పంపమనడం అన్యాయం. కానీ ఈ వ్యాపారం ఎవరి చేతిలో ఉంది, ఏ రేటుకి ఏం ఒప్పుకున్నారు, ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్న ప్రశ్నలు వచ్చిన రోజున వాట్సాప్ సరిపోదు. వీటికి జవాబు మెయిల్లోనే ఉంటుంది. అసలు ఉండాల్సిందీ అక్కడే. ఆ మెయిల్ మన చేతిలో లేకపోతే వ్యాపారంలో ఒక ముక్క మన చేతిలో లేనట్టే.

ముందు ఆడిటర్ గారి సంగతి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు ఒక మొబైల్ నంబరు, ఒక మెయిల్ ఐడీ ఇవ్వాలి. ఓటీపీలు వాటికే వస్తాయి. క్లయింటుకి ఫోన్ చేస్తే ఎత్తడు, ఎత్తినా "ఇప్పుడు కౌంటర్లో ఉన్నా, తర్వాత చెప్తా" అంటాడు. ఈలోపు ఓటీపీ గడువు అయిపోతుంది. నెలవారీ జీఎస్టీ రిటర్న్ వేయడానికి ఆఖరి రోజైన ఇరవయ్యో తారీఖు వచ్చిందంటే ఆడిటర్ ఆఫీసులో అందరికీ టెన్షనే. అందుకని వాళ్లు తమ ఐడీయే ఇచ్చేస్తారు. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు, పని జరగాలి కదా. కానీ చట్టం దీన్ని ఇంకోలా చూస్తుంది. నోటీసు ఎలా అందజేయాలో కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం 169వ సెక్షన్ చెబుతుంది. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన మెయిల్‌కి పంపినా, పోర్టల్లో పెట్టినా అందజేసినట్టే లెక్క. అది తెరిచి మనకి చెప్పాల్సినవాడు చెప్పాడా లేదా అన్నది డిపార్ట్‌మెంట్‌కి సంబంధం లేని విషయం. రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని వచ్చే నోటీసుకి ఇచ్చే గడువు ఏడు పనిదినాలు. ఆడిటర్ మారినప్పుడో, ఫీజు దగ్గర మాట తేడా వచ్చినప్పుడో ఆ ఏడు రోజులు ఎవరి ఇన్‌బాక్సులో గడుస్తాయో ఆలోచించండి. నాకు తెలిసిన ఒక హోటల్ యజమానికి రిజిస్ట్రేషన్ రద్దయిన సంగతి సరుకు అమ్మినవాడు ఫోన్ చేసి చెప్తేనే తెలిసింది. "మీ నంబరు పోర్టల్లో క్యాన్సిల్డ్ అని చూపిస్తోంది, ఏంటండీ" అని అడిగాడట.

దీనికి మందు చాలా తేలిక. ఐడీ మనదే ఇవ్వాలి. జీఎస్టీ నుంచి, ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి వచ్చే మెయిళ్లు ఆడిటర్ గారికి కూడా వెళ్లిపోయేలా మన జీమెయిల్లోనే ఫిల్టర్ పెట్టి ఫార్వర్డ్ ఆన్ చేయాలి. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే టీ తాగేలోపు చేసిపెడతారు. అప్పుడు ఆయన పని ఆగదు, మన తాళం మన దగ్గరే ఉంటుంది. ఆడిటర్ మారితే ఫార్వర్డ్ అడ్రసు మార్చుకుంటాం, అంతే. ఇప్పటికే వేరేవాళ్ల ఐడీ ఇచ్చి ఉంటే పోర్టల్లో మార్చుకోవచ్చు. పాత నంబరుకి, మెయిల్‌కి వచ్చే ఓటీపీ మన చేతికి రాని పరిస్థితిలో మన సర్కిల్ ఆఫీసుకి కాగితాలు పట్టుకెళ్లి మార్పించుకునే దారి కూడా ఉంది. ఒక పూట పోతుంది. పోనివ్వండి.

ఇక మా వృత్తిలో రోజూ జరిగే గొడవ. ప్రూఫ్, అంటే అచ్చు వేసేముందు సరిచూసుకునే నమూనా, పంపుతాం. కస్టమరు బండి మీద వెళ్తూ ఫోన్లో చూస్తాడు. బొటనవేలు ఎత్తి బొమ్మ పెడతాడు. ఆ బొటనవేలు దేనికి? "చూశాను" అనా, "బాగుంది" అనా, "కొట్టేయండి" అనా? మేం కొట్టేయమనే అనుకుంటాం. ప్లేట్లు అవుతాయి, కాగితం మెషీన్ ఎక్కుతుంది, ఐదు వేల లేబుళ్లు వస్తాయి. అప్పుడు "ఇందులో ఫోన్ నంబర్లో ఒక అంకె తప్పు పడింది, నేను ఓకే అనలేదే" అంటాడు. చాట్ తీసి చూపిద్దామంటే అదే రోజు నాలుగు ప్రూఫులు పోయాయి, మధ్యలో పెళ్లి ఫొటోలు, గుడ్ మార్నింగులు. ఏ ప్రూఫ్‌కి ఏ బొటనవేలో చెప్పడం బ్రహ్మతరం కాదు. పైగా వాట్సాప్‌లో పంపినవాడు పదిహేను నిమిషాల్లోపు మెసేజ్ దిద్దొచ్చు, రెండు రోజులు దాటాక కూడా కొన్ని గంటలపాటు అందరికీ కనిపించకుండా తీసేయొచ్చు. జీమెయిల్లో పంపింది వెనక్కి లాక్కోడానికి ఎంత సాగదీసినా ముప్పై సెకన్లే. ఆ తర్వాత అది అవతలివాడి దగ్గర కూడా ఉంటుంది, మన దగ్గరా ఉంటుంది. ఇద్దరిలో ఏ ఒక్కరూ మార్చలేరు. ఒకే కాగితం రెండు ప్రతులు రాసుకుని ఇద్దరూ తలో ప్రతి దగ్గర పెట్టుకునే పద్ధతి మనకి కొత్తేం కాదు.

అందుకని మా దగ్గర పద్ధతి ఇది. మాట్లాడటం అంతా వాట్సాప్‌లోనే. ఖాయం చేయడం మాత్రం మెయిల్లో. ఒక ఆర్డరుకి ఒక మెయిల్. సబ్జెక్టులో షాపు పేరు, పని, నెల: "ఫలానా స్వీట్స్ – కిలో బాక్స్ లేబుల్ – ఆగస్టు". లోపల నాలుగు ముక్కలు: "జోడించిన పీడీఎఫ్‌లో స్పెల్లింగులు, ఫోన్ నంబర్లు, రేట్లు సరిచూసుకోండి. 5000 కాపీలు, ఫలానా కాగితం, గ్లాసీ లామినేషన్, ఇంత ధర, జీఎస్టీ అదనం, ఇంత అడ్వాన్సు. సరే అని దీనికే జవాబిస్తే రేపు ప్లేట్లు చేయిస్తాం." కస్టమరు "సరే" అని రెండక్షరాలు కొడితే చాలు. మార్పు ఉంటే దానికే జవాబుగా రాస్తాడు, మేం కొత్త పీడీఎఫ్ అదే వరసలో పంపుతాం. ఫైల్ పేర్లు "ఫైనల్", "ఫైనల్ న్యూ", "లాస్ట్ ఫైనల్" అని పెట్టే జబ్బు మా డిజైనర్లకి ఎలాగూ పోదు. కనీసం ఏ తేదీన ఏది పంపామో మెయిల్ చెప్తుంది. ఈ పద్ధతి పెట్టాక తప్పులు ఆగిపోలేదు. తప్పు ఎవరి ఖాతాలో పడాలన్న పోట్లాటలు మాత్రం బాగా తగ్గాయి.

"ఒట్టి మెయిల్‌కి అంత విలువ ఉంటుందా, సంతకం లేదుగా" అని అడిగేవాళ్లకి 2010లో సుప్రీంకోర్టు చెప్పిన ఒక తీర్పు ఉంది. ట్రైమెక్స్ అనే కంపెనీకి, వేదాంత అల్యూమినియంకి మధ్య వివాదం. ఆస్ట్రేలియా నుంచి ఐదు ఓడల బాక్సైట్ సరఫరా గురించి. అంతా మెయిళ్ల మీదే నడిచింది, పద్ధతి ప్రకారం సంతకాలు పెట్టిన ఒప్పందం లేదు. అయినా మెయిళ్లలో ప్రతిపాదన, అంగీకారం స్పష్టంగా ఉన్నాయి కాబట్టి ఒప్పందం కుదిరినట్టేనని కోర్టు తేల్చింది. ఓడల లెక్కలకే అది సరిపోయినప్పుడు మన లేబుళ్లకి సరిపోదా? వాట్సాప్ చాట్ కోర్టులో అసలు పనికిరాదని నేను అనను. ఎలక్ట్రానిక్ రికార్డుగా దాన్నీ సర్టిఫికెట్ జతచేసి ఇవ్వొచ్చు. కానీ ఫోన్ నీళ్లలో పడ్డాక, బ్యాకప్ లేకపోయాక, ఏం ఇస్తాం? రీచార్జి చేయకుండా వదిలేసి రద్దయిన నంబరు తొంభై రోజులు దాటాక ఇంకొకరికి పోవచ్చు.

బాకీల వసూళ్లలో మెయిల్ విలువ ఇంకా ఎక్కువ, దీని గురించి మన వాళ్లకి తెలిసింది తక్కువ. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం ఉద్యమ్ (చిన్న పరిశ్రమలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే) రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న యూనిట్ల దగ్గర సరుకు గానీ సేవ గానీ తీసుకున్నవాడు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. ఒప్పందమే లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడింతలు చొప్పున నెలనెలా చక్రవడ్డీ. తయారీ, సేవల యూనిట్లకే ఇది, సరుకు కొని అమ్ముకునే వ్యాపారికి వర్తించదు. ఇందులో మా బోటి వాళ్లకి పనికొచ్చే చిన్న మెలిక ఉంది. సరుకు అందిన 15 రోజుల్లోపు కొన్నవాడు అభ్యంతరం రాతపూర్వకంగా చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. అంటే "క్వాలిటీ బాలేదు, అందుకే ఆపాం" అని నాలుగో నెలలో ఫోన్లో చెప్పే మాట చెల్లదు. సరుకు అందిన రోజునే చలాన్ ఫొటో, బిల్లు, ఉద్యమ్ నంబరు పెట్టి ఒక మెయిల్ పడేస్తే ఆ రోజు నుంచి లెక్క మొదలైనట్టు రుజువు ఉంటుంది. పైగా 2023–24 ఆర్థిక సంవత్సరం నుంచి గడువు దాటిన బాకీని కొన్నవాడు నిజంగా చెల్లించేదాకా తన ఖర్చు కింద చూపించుకోవడం కుదరదని ఆదాయపు పన్ను రూలు వచ్చింది. దాంతో పెద్ద కంపెనీల అకౌంట్స్ వాళ్లే మార్చి నెలలో మెయిల్ పెట్టి "మీకు ఉద్యమ్ ఉందా" అని అడగడం మొదలుపెట్టారు. ఆ మెయిల్ చూడని చిన్న యూనిట్లు ఎన్ని ఉంటాయో.

ఫోన్ చేసి బాకీ అడగడం మన దగ్గర మొహమాటంతో నిండిన పని. "అన్నయ్య గారూ, కాస్త చూడండి" దగ్గరే ఆగిపోతాం. మెయిల్లో ఆ మొహమాటం ఉండదు. బిల్లు నంబరు, తేదీ, మొత్తం, ఎన్ని రోజులైంది, ఖాతా వివరాలు. కోపం మాట ఒక్కటి కూడా అక్కర్లేదు. మర్యాద చెడకుండా డబ్బు అడగడానికి ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

ఇక్కడ ఇంగ్లీషు భయం అడ్డొస్తుంది. మెయిల్ అంటే "రెస్పెక్టెడ్ సర్"తో మొదలై "థాంకింగ్ యూ"తో ముగియాలని బళ్లో లీవ్ లెటర్ దగ్గర నేర్పారు. అందుకని జనం రాయడమే మానేశారు, లేకపోతే ఏఐని అడిగి పెద్ద పెద్ద పేరాలు తెచ్చి అతికిస్తున్నారు. ఈ మెయిల్ మీకు క్షేమంగా చేరిందని ఆశిస్తున్నానంటూ మొదలయ్యే కొటేషన్లు ఈ మధ్య నాకే వస్తున్నాయి. రేటు ఎక్కడుందో వెతుక్కోవాలి. తెలుగులో రాయండి. ఫోన్లో తెలుగు కీబోర్డు ఉంది, నోటితో చెప్తే రాసుకునే సదుపాయం ఉంది. అవతలివాడు తెలుగువాడే కదా. అంకెలు, తేదీలు, పేర్లు సరిగ్గా ఉంటే వ్యాకరణం ఎవరూ చూడరు. డీటీపీ చేసేవాళ్లకి మాత్రం ఒక మనవి: 'అను' అనే పాత డీటీపీ ఫాంట్లలో కొట్టింది తీసుకొచ్చి మెయిల్లో పేస్ట్ చేయకండి. అది యూనికోడ్ కాదు, అవతల గజిబిజిగా ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. పీడీఎఫ్ చేసి పంపండి.

సొంత డొమైన్ పేరుతో ఐడీ ఉండాలా? ఉంటే మంచిదే. ఒక డాట్ ఇన్ పేరుకి మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే అవుతుంది. దాని మీద మెయిల్ పెట్టుకోడానికి మన పక్క చెన్నైలో ఉన్న జోహోతో మొదలుపెట్టి చాలా సేవలున్నాయి. బయట రాష్ట్రాలకి, అమెరికాకి సరుకు పంపే పచ్చళ్లవాళ్లకి, పూతరేకులవాళ్లకి ఇది నిజంగా లాభం. ముక్కూ మొహం తెలీని కస్టమరుకి నమ్మకం కలగాలి కదా. వీధి చివర కిరాణా కొట్టుకి అక్కర్లేదు, మామూలు జీమెయిల్ చాలు. అయితే డొమైన్ తీసుకునేవాళ్లు ఒకటి చూసుకోవాలి. వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడు డొమైన్ని తన పేరు మీద, తన ఐడీతో కొంటాడు. రెండేళ్లకి వాడు బెంగళూరులో ఉద్యోగానికి పోతాడు. రెన్యువల్ గుర్తుచేసే మెయిల్ వాడికి పోతుంది. అది అక్కడే ఉండిపోతుంది, మన పేరు మురిగిపోతుంది. డొమైన్ ఖాతా మన పేరు మీదే ఉండాలని మొదటి రోజే చెప్పండి. అలాగే ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే రెండు సెట్టింగులు పెట్టాడో లేదో అడగండి. వాటి లోతు మనకి తెలియక్కర్లేదు. అవి లేకపోతే మన మెయిళ్లు అవతలివాళ్ల స్పామ్‌లోకి పోతాయని తెలిస్తే చాలు.

మోసాల దగ్గరికి వద్దాం. చిన్న వ్యాపారుల మీద జరిగే మెయిల్ మోసాల్లో నన్ను ఎక్కువ భయపెట్టేది లాటరీ తగిలిందనేది కాదు. దానికి ఇప్పుడు ఎవరూ పడరు. రోజూ కాగితం సప్లై చేసే పార్టీ పేరుతో, అదే లోగోతో, పాత మెయిల్‌కి జవాబుగా "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకమీదట ఈ ఖాతాకి పంపండి" అని వచ్చేది. దొంగ వాళ్ల మెయిల్లోకో మన మెయిల్లోకో దూరి, వారాల తరబడి చదివి, సరిగ్గా పెద్ద బిల్లు కట్టే రోజున రాస్తాడు. ఒక్కోసారి అడ్రసులో ఇంగ్లీషు ఎమ్ బదులు ఆర్, ఎన్ పక్కపక్కన పెడతాడు, ఫోన్ తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఖాతా మారిందని ఎవరు రాసినా, మన దగ్గర పాతగా ఉన్న నంబరుకి ఫోన్ చేసి, గొంతు విని, అప్పుడు పంపండి. ఆ మెయిల్లో ఇచ్చిన నంబరుకి చేయొద్దు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఉంటుంది.

రెండంచెల వెరిఫికేషన్ పెట్టుకోమని అందరూ చెప్తారు, నేనూ చెప్తాను. దాంతోపాటు అప్పుడప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లి ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి. పాస్‌వర్డ్ మార్చినా పోని దొంగ అక్కడ ఉంటాడు. మీరు పెట్టని ఫార్వర్డ్ అడ్రసు కనబడితే ఎవరో మీ ఉత్తరాలన్నీ చదువుతున్నట్టే.

మా చుట్టుపక్కల జిరాక్స్ షాపులు, నెట్ సెంటర్ల గోడల మీద "ప్రింట్ల కోసం ఈ ఐడీకి మెయిల్ చేయండి" అని రాసి ఉంటుంది. ఆ ఇన్‌బాక్సుల్లో ఊరు ఊరంతా ఉంటుంది: ఆధార్లు, పాన్ కార్డులు, మార్కుల మెమోలు, స్కాన్ చేసిన రిజిస్ట్రేషన్ దస్తావేజులు. ప్రింట్ తీశాక ఎవరూ డిలీట్ చేయరు, కౌంటర్ మీద ఆ కంప్యూటర్ అందరికీ తెరిచే ఉంటుంది. షాపువాళ్లని నేను అడిగేది ఒకటే, రోజు చివర ఆ ఇన్‌బాక్స్ ఖాళీ చేసి షట్టర్ దించండి. పంపేవాళ్లు కూడా ఆధార్ కావాలన్నచోట మొదటి ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ కాపీ చెల్లుతుందేమో అడిగి చూడండి.

రోజువారీ అలవాట్ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మెయిల్ మోగినప్పుడల్లా చూడనక్కర్లేదు, నేను నోటిఫికేషన్లు ఆపేశాను. పొద్దున షాపు తెరిచాక ఒకసారి, సాయంత్రం బ్యాంకు లెక్కలు చూసుకునేటప్పుడు ఒకసారి. ఫోల్డర్లూ రంగురంగుల లేబుళ్లూ పెట్టుకునే ఓపిక నాకు లేదు. వెతికితే దొరికేలా సబ్జెక్టు రాసుకుంటే అదే చాలు. జాగ్రత్తగా చూసుకోవాల్సింది స్థలం. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కి ఒక్కదానికే కాదు, ఫొటోల బ్యాకప్‌కి, డ్రైవ్‌కి కలిపి. మేనల్లుడి పెళ్లి వీడియోలతో అది నిండిపోయిందంటే మెయిళ్లు రావడం ఆగిపోతాయి. పంపినవాడికి తిరుగుటపా వస్తుంది, మనకి ఏమీ తెలీదు. వ్యాపారం ఐడీని ఇంటి ఫోన్ ఫొటోలతో కలపొద్దనేది ఇందుకే.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను, చాలామంది మాట్లాడటానికి ఇష్టపడని విషయం. చిన్న షాపుల్లో అన్నీ ఒకే మనిషి బుర్రలో ఉంటాయి. ఆయనకి ఏదైనా అయితే ఇంట్లోవాళ్లకి బీరువా తాళం దొరుకుతుంది గానీ మెయిల్ పాస్‌వర్డ్ దొరకదు. జీఎస్టీ, బ్యాంకు, కరెంటు బిల్లు, బీమా అన్నీ దానికే కట్టి ఉంటాయి. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాలని గూగుల్ తీసేయొచ్చు కూడా. గూగుల్ ఖాతా సెట్టింగుల్లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఒకటుంది. ఇన్ని నెలలు నేను కనిపించకపోతే ఫలానా వాళ్లకి ఈ మెయిళ్లు చూసే వీలివ్వండి అని ముందే రాసిపెట్టొచ్చు. మూడు నెలల నుంచి పద్దెనిమిది నెలల దాకా గడువు మన ఇష్టం. నేను మూడు నెలలు పెట్టి, మా ఆవిడ ఐడీ ఇచ్చాను.